తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఆసుపత్రి నుంచి క్లినిక్‌కు మారాలనుకునే సిస్టర్లకు సమగ్ర మార్గదర్శి

హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు చేశాను, అందులో ఐదేళ్లు ఐసీయూలోనే. అక్కడ మానేసి ఒక క్లినిక్‌లో చేరి ఐదు నెలలకే బయటికొచ్చాను. ఆ తర్వాత ఇంకో క్లినిక్‌లో, పిల్లల డాక్టరు దగ్గర చేరాను. అక్కడ ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. అంటే ఇదే పని రెండుసార్లు చేశాను. మొదటిసారి ఇంటికి దగ్గర, నైట్ డ్యూటీ లేదు, జీతం రెండు వేలు ఎక్కువ అని మాత్రమే చూసుకున్నాను.

ఆ మొదటి క్లినిక్‌లో ఒక సాయంత్రం సార్ ఏడున్నరకే పెళ్లికి వెళ్లిపోయారు. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయికి సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మూడో డోసు ఉంది. "సూది ఏసి పంపు బిడ్డా, బస్సు పోతది" అన్నాడు వాళ్ల నాన్న. రెండు రోజులు ఏమీ కాలేదు కదా అని వేశాను. నరంలోకి పెట్టిన క్యాన్యులాలో మందు పూర్తిగా పోకముందే పిల్లవాడు మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. పెదవి ఉబ్బింది. "గొంతు పట్టేసినట్టుంది సిస్టర్" అన్నాడు. ఇలాంటి రియాక్షన్‌కు వెంటనే ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్. అది క్లినిక్‌లోనే ఉంది, అద్దాల బీరువాలో, కళ్లెదురుగా. దాని తాళంచెవి మాత్రం సార్ కారు తాళాల గుత్తిలో ఉంది. కింద మెడికల్ షాపు అబ్బాయి ఆంప్యూల్ పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి మూడు నిమిషాలు పట్టింది. పిల్లవాడు బతికాడు. మర్నాడు సార్ నన్ను అడిగిన మొదటి మాట, "ఎవరికైనా చెప్పారా?"

డాక్టరు లేనప్పుడు ఇంజెక్షన్ వేయడం నా తప్పు. అది ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రిలో అదే జరిగి ఉంటే నా వెనక డ్యూటీ డాక్టరు, ఇన్‌ఛార్జి సిస్టర్, కేక వేస్తే పరిగెత్తుకొచ్చే నలుగురు ఉండేవాళ్లు. క్లినిక్‌లో నా వెనక గోడ ఉంది. జీతం గురించి అడిగినంత గట్టిగా ఆ గోడ గురించి చేరేముందే అడిగి ఉండాల్సింది. అందుకే ఈ మార్గదర్శి కాస్త వంకరగా ఉంటుంది. డబ్బు లెక్కలు చెప్తాను కానీ, ఎక్కువ చోటు మిగతా వాటికే ఇస్తాను.

మొదటి అడుగు: మీరు ఇప్పుడు మారకూడని వాళ్లలో ఉన్నారేమో చూసుకోండి

వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంలోనో, ఏరియా ఆసుపత్రిలోనో, పీహెచ్‌సీలోనో కాంట్రాక్టు మీదో, అవుట్‌సోర్సింగ్ మీదో చేస్తున్న వాళ్లు ముందు ఆగి ఆలోచించాలి. రాష్ట్రంలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులను మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు భర్తీ చేస్తుంది. 2024 నోటిఫికేషన్‌లో రాతపరీక్షకు 80 పాయింట్లు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 పాయింట్లు పెట్టారు. గిరిజన ప్రాంతంలో చేసిన ప్రతి ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల 2. ములుగు, ఏటూరునాగారం వైపు చేసిన వాళ్లకు ఈ పాయింట్లు ఎంత విలువైనవో వాళ్లకే తెలుసు. ప్రైవేటు క్లినిక్‌లో ఎన్నేళ్లు చేసినా ఈ ఖాతాలో సున్నాయే. జీతం ఆలస్యమవుతోందని విసిగి వదిలేసి, నోటిఫికేషన్ పడ్డాక తల పట్టుకున్న వాళ్లను చూశాను.

విదేశాలకు వెళ్లాలన్న ఆలోచన ఉంటే కూడా తొందరపడకండి. గల్ఫ్ అయినా, ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీకి వెళ్లే దారి అయినా, వాళ్లు మొదట చూసేది ఆసుపత్రి అనుభవమే. ఎన్ని పడకలు, ఏ వార్డు అని అడుగుతారు. ఓపీ క్లినిక్ అని రాస్తే అక్కడ బరువు తగ్గుతుంది.

కోర్సు అయిపోయి ఇంకా రెండేళ్లు కాని చెల్లెళ్లు వార్డులోనే ఉండండి. క్లినిక్‌లో మీకు నేర్పే సీనియర్ ఉండదు, మీరే సీనియర్.

గర్భంతో ఉన్నా, ఏడాదిలోపు అనుకుంటున్నా మారకండి. ప్రసూతి సెలవు చట్టం పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట వర్తిస్తుంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు. దానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. నలుగురు పనిచేసే క్లినిక్‌లో ఈ సెలవు డాక్టరుగారి దయ మీద ఆధారపడుతుంది. దయగల డాక్టర్లు ఉన్నారు, కానీ డెలివరీ డేటు పెట్టుకుని ఆ దయను పరీక్షించకూడదు.

ఇక ఐదేళ్లకు రెండు మూడు నెలలు తక్కువున్న వాళ్లు. ఆగండి. ఎందుకో కింద లెక్కలో చెప్తాను.

రెండో అడుగు: కాగితం మీద లెక్క వేయండి

ఇంట్లో అందరూ అడిగేది "చేతికెంత?" అనే. ఆ మాట మీద నిర్ణయం తీసుకుంటే మోసపోయేది మనమే.

ఒక ఉదాహరణ. ఆసుపత్రిలో మీ మొత్తం జీతం 20,000, అందులో బేసిక్ 14,000 అనుకుందాం. పీఎఫ్ కింద మీ వాటా 12 శాతం, అంటే 1,680. అంతే మొత్తం యాజమాన్యం కూడా వేస్తుంది. అది ఏడాదికి 20,160. గ్రాట్యుటీ, అంటే మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం, దాని లెక్క: చివరి బేసిక్‌ను 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఏడాదికి దాదాపు 8,077 రూపాయలు. ఏడేళ్లు చేసిన వాళ్లకు దాదాపు 56,500. కానీ మామూలుగా ఐదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ వస్తుంది. నాలుగు సంవత్సరాల పది నెలలకు కోపంతో రాజీనామా ఇచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఇంకో రెండు నెలలు పళ్లు బిగబట్టండి.

ఈ రెండూ కలిపితే నెలకు 2,350 రూపాయలు దాటుతుంది. పీఎఫ్ చట్టం 20 మందీ ఆపైన పనిచేసే చోట వర్తిస్తుంది, గ్రాట్యుటీ, ఈఎస్ఐ పది మందీ ఆపైన ఉన్నచోట. ఐదుగురు పనిచేసే క్లినిక్‌లో మూడూ ఉండవు. అంటే క్లినిక్‌లో 22,000 ఇస్తామన్నా, నిజానికి మీరు నష్టానికి మారుతున్నారు.

ఈఎస్ఐ, అంటే మనకూ మన కుటుంబానికీ వైద్యం అందించే బీమా, దాని సంగతి వేరుగా చూడాలి. నెల జీతం 21,000 దాటని వాళ్లకే అది ఉంటుంది. మన వాటా 0.75 శాతం, యాజమాన్యానిది 3.25. ఇరవై వేల జీతానికి మన జేబు నుంచి 150 రూపాయలే పోతాయి. ఆ నూటయాభైతో అమ్మకో నాన్నకో చికిత్స జరుగుతున్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అది పోతే ఏం చేస్తారో ముందే చూసుకోండి. ఆహారభద్రత కార్డు ఉన్న కుటుంబాలకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెరిగింది. కానీ అది ఆ జాబితాలో ఉన్న చికిత్సలకే. నెలనెలా తెచ్చుకునే షుగరు, బీపీ మందులకు కాదు.

బేరమాడేటప్పుడు ఒక మాట పనికొస్తుంది. నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలకు తక్కువ ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా జీతం 20,000కు తగ్గకూడదని సిఫారసు చేసింది. అది సిఫారసే, పట్టుకుని కోర్టుకు పోలేం. కానీ "పన్నెండు వేలు ఇస్తాం" అన్న చోట మెల్లగా గుర్తు చేయొచ్చు. నేను చేశాను. సార్ నవ్వి పదిహేడు దగ్గర ఆగారు. ఆ తర్వాత ఏటా పెరిగింది.

మూడో అడుగు: ఏ రకం క్లినిక్, ఏ వేళలు

నక్కలగుట్ట, బాలసముద్రం, కిషన్‌పుర, చౌరస్తా చుట్టూ నడిస్తే బోర్డుల మీద బోర్డులు కనిపిస్తాయి. అన్నీ ఒకటి కాదు. చర్మం, పళ్ల క్లినిక్‌లలో ఎమర్జెన్సీలు తక్కువ, కానీ ఐసీయూ నుంచి వచ్చిన వాళ్లకు ఆరు నెలల్లో చేయి మొద్దుబారుతుంది. షుగరు క్లినిక్‌లో మాట్లాడే ఓపిక ఉండాలి. ఇన్సులిన్ ఎక్కడ వేసుకోవాలో, ఎలా దాచుకోవాలో ఒకే రోజు పాతికమందికి చెప్పాలి. పిల్లల క్లినిక్‌లో క్యాన్యులా పెట్టే చేయి, ఏడ్చే తల్లిని కూర్చోబెట్టే నోరు, రెండూ కావాలి. డయాలసిస్, ఐవీఎఫ్ సెంటర్లు పేరుకు క్లినిక్‌లైనా లోపల ఆసుపత్రి పద్ధతే నడుస్తుంది, కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ కూడా ఉండొచ్చు.

స్కానింగ్ ఉన్న చోట చేరితే ఒక్కటి గుర్తుంచుకోండి. కడుపులో ఉన్నది ఆడో మగో మాటతో కాదు, సైగతో చెప్పినా 1994 నాటి చట్టం కింద నేరమే. మొదటిసారి దొరికితేనే మూడేళ్ల దాకా జైలు. "చెల్లె, జర చెప్పరాదు" అని బతిమాలే వాళ్లు అందరికంటే ముందు పట్టుకునేది నర్సునే.

వేళల దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. నైట్ డ్యూటీ వద్దని క్లినిక్‌కు పోతే, ఓపీ పొద్దున 10 నుంచి 2, సాయంత్రం 5:30 నుంచి 9:30. మా పాప బడి నుంచి వచ్చేది నాలుగున్నరకు. దాని హోంవర్కు, అన్నం, నిద్ర అన్నీ నేను క్లినిక్‌లో ఉన్నప్పుడే. నైట్ డ్యూటీతో పాటు సాయంత్రాలు కూడా పోయాయి. కాజీపేటలో ఉండేవాళ్లు మధ్యాహ్నం ఇంటికి వెళ్లిరావచ్చు. నర్సంపేట, జనగామ నుంచి వచ్చేవాళ్లకు ఆ మూడున్నర గంటలు క్లినిక్ బల్ల మీదే గడుస్తాయి, జీతం లేకుండా. రాత్రి ఆఖరి బస్సు టైము చూసుకున్నాకే వేళలకు ఒప్పుకోండి. చివరి టోకెన్ అయిపోవడం ఎప్పుడూ బోర్డు మీద రాసిన టైముకు జరగదు. వానాకాలంలో, జ్వరాలు మొదలయ్యాక, ఇంకో గంట కలుపుకోండి.

నాలుగో అడుగు: ఇంటర్వ్యూకు ముందు ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి

ఇది నేను రెండోసారి నేర్చుకున్నది. ఇంటర్వ్యూలో సార్ గదిలో ఏసీ గాలికి కూర్చుంటే క్లినిక్ కనిపించదు. పేషెంట్ల బెంచీ మీద కూర్చుంటే కనిపిస్తుంది. మా ఆడపడుచు కొడుకును జలుబుకు చూపించే నెపంతో ఒక శనివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కూర్చున్నాను.

మొదట గోడ చూడండి. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేములో ఉందా, గడువు ఉందా? తర్వాత చెత్తబుట్టలు. పసుపు కవరులో రక్తం అంటిన దూది, డ్రెస్సింగు. ఎరుపులో ఐవీ సెట్లు, గ్లోవ్స్, సూది తీసిన సిరంజీలు. తెల్ల డబ్బాలో సూదులు. నీలం దాంట్లో గాజు వయల్స్, ఆంప్యూల్స్. 2016 నిబంధనలు పెద్ద ఆసుపత్రికే కాదు, ఒక్క డాక్టరు క్లినిక్‌కూ ఇవే. అన్నీ ఒకే నల్ల కవరులో పోతుంటే, ఆ కవరు ముడి వేసేది రేపు మీరే, సూది గుచ్చుకునేదీ మీకే.

సందు దొరికితే ఫ్రిజ్ వైపు ఒక చూపు వేయండి. నేను ఇంకో క్లినిక్‌కు వెళ్లినప్పుడు తలుపు తీయగానే పైన పెంటావాలెంట్ టీకా డబ్బాలు, కింద స్టీలు గిన్నెలో పెరుగన్నం, తలుపు అరలో పోలియో చుక్కలు. థర్మామీటరు లేదు. వ్యాక్సిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని నర్సింగ్ మొదటి ఏడాది పిల్లకూ తెలుసు. తలుపు అరలో పెట్టకూడదనీ తెలుసు. పెరుగన్నం కోసం ఆ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కేసుకుని, మాట్లాడకుండా వచ్చేశాను.

అన్నిటికంటే ముఖ్యమైనది, సార్ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతోంది? డాక్టరు రాకముందే ఇంజెక్షన్లు పడుతున్నాయా? ఆర్‌ఎంపీ చీటీ పట్టుకొచ్చిన వాళ్లకు నేరుగా సెలైన్ ఎక్కుతోందా? ఉన్న సిస్టర్‌తో బయట టీ బండి దగ్గర రెండు మాటలు మాట్లాడండి. "అక్కా, ఎన్నేళ్లయింది ఇక్కడ?" అంటే చాలు. "నేను వచ్చి రెండు నెలలే, నాకు ముందు ముగ్గురు మారిన్రు" అని వచ్చిందంటే మిగతా ప్రశ్నలు అక్కర్లేదు.

ఐదో అడుగు: డాక్టరుతో మాట్లాడేటప్పుడు

చాలా క్లినిక్‌లలో జీతం నిర్ణయించేది సార్ కాదు, మేడం. ఆవిడ కూడా ఉన్నప్పుడే మాట్లాడండి, లేకపోతే ఒకే బేరం రెండుసార్లు ఆడాల్సి వస్తుంది.

నేను రెండో క్లినిక్‌లో అడిగినవి ఇవి. మొదటిది: "సార్, మీరు లేనప్పుడు పేషెంట్ వస్తే నేనేం చేయాలి?" దీనికి "ఫోన్ చేయండి, చెప్తాను" అన్నది సగం జవాబు. ఫోన్‌లో చెప్పిన ఆర్డరును ఏ పుస్తకంలో రాయాలి, దాని మీద సంతకం ఎప్పుడు పెడతారు? అది కూడా అడిగాను. మా సార్ ఒక నిమిషం నా ముఖం చూసి, "ఐసీయూ నుంచి వచ్చారు కదా" అని నవ్వి, ఒక రిజిస్టరు తెప్పించారు. జ్వరానికి పారాసిటమాల్ ఎంత బరువుకు ఎంత, ఆయాసానికి నెబులైజేషన్, ఫిట్స్ వస్తే ఏం చేయాలి అన్నీ రాసి సంతకం పెట్టారు. అందులో లేనిది ఆయన లేకుండా నేను చేయను. మొదటి డోసు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ అయితే ఆయన గదిలో ఉంటేనే.

రెండోది, ఎమర్జెన్సీ ట్రే. అడ్రినలిన్, హైడ్రోకార్టిసోన్, పిల్లలకూ పెద్దలకూ చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగులు, గొంతులో అడ్డుపడ్డది లాగే సక్షన్, నిండిన ఆక్సిజన్ సిలిండరు, దాన్ని తెరిచే తాళం. తాళంచెవి నా దగ్గరే ఉంటుందని స్పష్టంగా అడిగి ఒప్పించుకున్నాను. రియాక్షన్ వస్తే అడ్రినలిన్ తొడ బయటి వైపు కండలోకి ఇవ్వడానికి నాకు రాతపూర్వక అనుమతి ఉంది. పెద్దవాళ్లకు 1 మి.లీ. ఆంప్యూల్‌లో సగం, పిల్లలకు కిలోకు 0.01 మి.గ్రా. లెక్కన. బరువు వారీ పట్టిక ట్రే మూతకు అంటించి ఉంది. కంగారులో లెక్కలు రావు.

మూడోది, సార్ ఊళ్లో లేని రోజుల సంగతి. ఏటా ఒకసారి కాన్ఫరెన్సు, ఒకసారి పిల్లల దగ్గరికి అమెరికా. క్లినిక్ ఇరవై రోజులు మూస్తే జీతం వస్తుందా? నా మొదటి క్లినిక్‌లో రాలేదు. అడగలేదు కాబట్టి రాలేదు.

నాలుగోది, "ఆల్‌రౌండర్ కావాలి" అన్న మాట వింటే చెవులు నిక్కబొడుచుకోవాలి. టోకెన్లు పిలవడం, బరువు చూడడం ఫర్వాలేదు. డబ్బులు తీసుకోవడం కూడా సరే, కానీ రాత్రి లెక్క తేడా వస్తే ఎవరి జీతంలోంచి? మందుల కౌంటరు మాత్రం వద్దనండి. మందులు ఇవ్వడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పని. తనిఖీ వస్తే కౌంటరులో నిలబడ్డది మీరే అవుతారు.

మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి. జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్ చూపించి తిరిగి తీసుకోండి. జిరాక్సు మీద ఏ క్లినిక్ కోసం, ఏ తేదీన అని రాసి అడ్డంగా సంతకం పెట్టండి. మన రిజిస్ట్రేషన్ నంబరు వాడుకుని ఇంకో చోట నర్సుగా మన పేరు చూపించే వాళ్లు ఉంటారు.

ఆరో అడుగు: ఒప్పుకున్నది కాగితం మీదకు

చిన్న క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ లెటర్ అడిగితే "మన మధ్య కాగితాలెందుకమ్మా" అంటారు. ఆ మాటకు కరిగిపోకండి. ఒక తెల్ల కాగితం మీద పేరు, పని, వేళలు, వారపు సెలవు, జీతం, ఏ తేదీన ఇస్తారు, ఏటా ఎంత పెంపు, నోటీసు ఎన్ని రోజులు రాసి, క్లినిక్ ముద్ర, సంతకం ఉంటే చాలు. జీతం బ్యాంకు ఖాతాలో వేయమనండి. రేపు ఇంటి లోను కావాలన్నా, అనుభవం చూపించాలన్నా ఆ స్టేట్‌మెంటే సాక్ష్యం. బతుకమ్మ, దసరా సెలవులు కూడా అందులోనే రాయించుకోండి. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం ఓపీ ఉందంటే ఏమవుతుందో నాకు తెలుసు. పూలు పేర్చింది నేను, ఆడింది మా అత్త.

పది మంది కంటే తక్కువున్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుకు లోపలి కమిటీ ఉండదు. జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు క్లినిక్‌లో ఒక్కరే ఉండే ఉద్యోగంలో ఇది తెలిసి ఉండాలి.

ఏడో అడుగు: ఆసుపత్రిని పద్ధతిగా వదలండి

ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీయండి. నోటీసు నెలా, రెండు నెలలా? బాండు ఏమైనా రాశారా? కొత్త చోట చేరే తేదీని దాని ప్రకారమే చెప్పండి. "రేపే రావాలి" అని తొందరపెట్టే క్లినిక్, మీరు వదిలేటప్పుడు కూడా అంతే తొందరగా పంపిస్తుంది.

రాజీనామా రెండు ప్రతులు. ఒకటి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ. అదే రోజు హెచ్ఆర్‌కు మెయిల్. రాజీనామాలో కారణాలు రాయకండి. "వ్యక్తిగత కారణాల వల్ల" చాలు. నైట్లు ఎక్కువయ్యాయనీ, ఇన్‌ఛార్జి సతాయిస్తోందనీ రాస్తే మనసు తేలికవుతుంది, రిలీవింగ్ లెటర్ బరువెక్కుతుంది.

మానే రోజుకు చేతిలో ఉండాల్సినవి: రిలీవింగ్ లెటర్, ఏ వార్డులో ఎన్నాళ్లు చేశారో రాసిన ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, చేరినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్లు ఏమైనా ఉంటే తిరిగి. "ఎక్స్‌పీరియెన్స్" అని ఊరికే రాస్తే ఒప్పుకోవద్దు. ఐసీయూ, ఎన్‌ఐసీయూ, క్యాజువాలిటీ అని పేరు పడాలి.

పీఎఫ్‌లో మనవాళ్లకు ఎక్కువగా వచ్చే చిక్కు ఇంటిపేరు. నర్సింగ్ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి పేరు, పీఎఫ్‌లో ఇంకేదో. ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోండి, హెచ్ఆర్ అప్పుడే వింటుంది. మానేశాక పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ పడిందో లేదో చూడండి. ఆసుపత్రి వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు.

డబ్బు మాత్రం అక్కడే ఉంచండి. క్లినిక్‌లో పీఎఫ్ లేకపోయినా పాత ఖాతా మీద వడ్డీ వస్తూనే ఉంటుంది. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. ఎనిమిదేళ్లు చేసి మొత్తం తీసేసుకుంటే ఆ ఎనిమిదేళ్లూ పోయినట్టే. రేపు మళ్లీ ఏదైనా ఆసుపత్రిలో చేరితే పాతవి కలుస్తాయి. ఐదేళ్లలోపు తీస్తే పన్ను కూడా పడొచ్చు. నేను స్కూటీ కొనడానికి తీద్దామనుకున్నాను. మా తమ్ముడు ఆపాడు, ఇప్పటికీ నడిచే వెళ్తున్నాను.

తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ కూడా ఇప్పుడే చూసుకోండి. ఆసుపత్రిలో ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. క్లినిక్‌లో ఎవరికీ గుర్తుండదు.

ఎనిమిదో అడుగు: నోటీసు నెలల్లో నేర్చుకోవాల్సినవి

చివరి నెలల్లో క్యాజువాలిటీలోనో, పిల్లల వార్డులోనో డ్యూటీ అడిగి వేయించుకోండి. ఐసీయూలో సెంట్రల్ లైన్ ఉన్న పేషెంట్లతో అలవాటై, ఎనిమిది నెలల పాపకు క్యాన్యులా పెట్టమంటే నా చేతులు వణికాయి. ఈసీజీ తీయడం, చిన్న ఆటోక్లేవ్ సొంతంగా నడపడం చేసి చూడండి. ఆసుపత్రిలో అవి టెక్నీషియన్లు, పరికరాలు స్టెరిలైజ్ చేసే సీఎస్ఎస్‌డీ వాళ్లు చేస్తారు కాబట్టి మనకు చేతికి రావు. ప్రాణాపాయంలో చేసే ప్రథమ సాయం నేర్పే బీఎల్ఎస్ సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది, ఆసుపత్రి ఖర్చుతో వెళ్లడానికి ఇదే ఆఖరి అవకాశం. హెపటైటిస్ బి టీకాలు మూడు డోసులూ అయ్యాయో లేదో చూసుకుని, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

తొమ్మిదో అడుగు: మొదటి వారం

మొదటి రోజే ట్రేలో ప్రతి ఆంప్యూల్ గడువు చదివి ఒక కాగితం మీద రాయండి. నాకు రెండు గడువు దాటినవి దొరికాయి. సిలిండరు తెరిచి ప్రెజర్ చూడండి. సార్ నంబరుతో పాటు, సార్ ఎత్తకపోతే పిలవాల్సిన పక్క నర్సింగ్ హోమ్ డ్యూటీ డాక్టరు నంబరు, 108, గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఫ్రిజ్ ఉష్ణోగ్రత పొద్దున, సాయంత్రం రాసే పట్టిక తలుపుకు అంటించండి. టీకా వేయించుకున్న పిల్లలను అరగంట కూర్చోబెట్టండి. "బస్సు పోతది" అన్నా సరే.

సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, సార్‌కు చెప్పి, అదే రోజు ఎంజీఎంకు వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుకావాలి. ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఫారం నింపి పంపించేది. ఇక్కడ ఓపీ మధ్యలో "అయినాక పోదువులే" అంటారు. అప్పుడే వెళ్లాలి.

ఇంకొకటి, మీ సొంత ఫోన్ నంబరు పేషెంట్లకు ఇవ్వకండి. మొదట్లో నేను ఇచ్చాను. రాత్రి పదకొండున్నరకు "సిస్టర్, మా బాబుకు జరం నూటమూడు, ఏం ఎయ్యాలె?" అని ఫోను. జవాబు చెప్తే డాక్టరును కాను, చెప్పకపోతే నిద్ర పట్టదు. ఇప్పుడు క్లినిక్‌కు వేరే సిమ్ ఉంది. ఓపీ అయ్యాక అది సార్ బల్ల సొరుగులో ఉంటుంది, రాత్రి ఫోన్లు సార్ నంబరుకు మళ్లిస్తాను. మేడం మొదట ఒప్పుకోలేదు. సార్ నిద్ర గురించి కూడా ఆలోచించాలి కదా అన్నారు. రెండు వారాలు పట్టింది.